పోలే పోలే: కిలిమంజారో మీద అక్కా నేనూ

మచామే గేట్ దాటి పది నిమిషాలు కూడా కాలేదు, ముందు నడుస్తున్న మా గైడ్ ఆగి, వెనక్కి తిరిగి, మా ఇద్దరి కాళ్ళ వంక చూసి "పోలే పోలే" అన్నాడు. అక్క నా చెవి దగ్గరకొచ్చి "ఇంకా మొదలే పెట్టలేదు కదే, అప్పుడే పోలే అంటాడేంటి?" అంది. స్వాహిలీలో పోలే పోలే అంటే మెల్లగా, నిదానంగా అని. తెలుగులో పోలే అంటే ఏంటో చెప్తే ఆయన చాలాసేపు నవ్వాడు. ఆ తర్వాత ఎప్పుడు ఆ మాట అన్నా అక్క వైపు చూసి కనుబొమలు ఎగరేసేవాడు, అక్క కూడా ఎగరేసేది. అదే మాట రెండుసార్లు కాకుండా ఒక్కసారే అంటే అర్థం వేరని మాకప్పుడు తెలీదు. ఆరో రోజు తెల్లవారుజామున తెలిసింది. ఆ సంగతికి వస్తాను.

అక్కకి 46, నాకు 41. అక్క పదేళ్ళుగా పరుగెడుతోంది, హాఫ్ మారథాన్లు చాలానే చేసింది. నేను నడుస్తాను, అంతే. కిలిమంజారో ఆలోచన అక్కదే, ఏడాది ముందు నుంచి మెట్లెక్కించడం, వారాంతాల్లో వీపున 8 కిలోల బ్యాగ్‌తో నాలుగైదు గంటలు నడిపించడం, బూట్లు కొత్తవి వేసుకుని వెళ్ళకూడదని మూడు నెలల ముందే కొనిపించి ఇంట్లో కూడా వేసుకు తిరగమనడం, అంతా తనే. మీ ఇద్దర్లో పైకి చేరేది ఒక్కరే, ఎవరో చెప్పమని ఎవరైనా అడిగి ఉంటే నాతో సహా అందరం అక్క పేరే చెప్పేవాళ్ళం.

కిలిమంజారో టాంజానియాలో కెన్యా సరిహద్దుకి దగ్గర్లో, భూమధ్యరేఖకి 3 డిగ్రీల దక్షిణంగా ఉంది. పక్కన వేరే కొండల వరుస ఏమీ లేకుండా మైదానంలోంచి ఒంటరిగా లేచిన అగ్నిపర్వతం. నిజానికి మూడు అగ్నిపర్వతాలు: షిరా, మావెంజీ, కిబో. ఎక్కేది కిబో, దాని అంచున అన్నిటికంటే ఎత్తైన చోటు ఉహురు శిఖరం, 5,895 మీటర్లు. తాళ్ళు, మంచు గొడ్డళ్ళు ఏమీ అక్కర్లేదు, మామూలు దారుల్లో అయితే అంతా నడకే. అందుకే చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. కానీ పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో దాదాపు సగమే. నడకే కదా అనుకునేవాళ్ళు ఈ ఒక్క విషయం గురించి ఆగి ఆలోచించాలి.

గైడ్ లేకుండా ఈ కొండ ఎక్కనివ్వరు, నేషనల్ పార్క్ రూలు అది. కాబట్టి గైడ్ కావాలా వద్దా అన్న ప్రశ్నే లేదు, ఎలాంటివాళ్ళతో వెళ్తాం, ఎన్ని రోజులు వెళ్తాం అన్నదే మన చేతిలో ఉన్నది. నన్నడిగితే రోజుల సంఖ్యే అన్నిటికంటే ముఖ్యం. మరంగు దారిలో 5 రోజుల్లో తీసుకెళ్ళి తీసుకొస్తామని మాకు మొదట ఒకళ్ళు చాలా చవకగా చెప్పారు. అక్క ఒప్పుకోలేదు, మచామే దారిలో 7 రోజులు ఎంచుకుంది. లెమోషో దారి 8 రోజులు తీసుకుంటే ఇంకా మంచిదని ఇప్పుడు అనిపిస్తోంది. పార్క్ ఫీజులే మనిషికి రోజుకి వంద డాలర్ల పైన పడతాయి, అందుకే ఒక్క రోజు తగ్గించినా ప్యాకేజీ ధర బాగా తగ్గుతుంది, ఆ తగ్గింపు చూసి మనం పడిపోతాం. తగ్గేది మన శరీరానికి దొరికే టైమ్.

చవకకి ఇంకో కారణం కూడా ఉంటుంది, అది పోర్టర్ల జీతం. మేమిద్దరం ఎక్కడానికి మాతో వచ్చింది పెద్ద గైడ్, చిన్న గైడ్, వంటాయన, 8 మంది పోర్టర్లు. గేట్ దగ్గర ప్రతి పోర్టర్ మూటా కాటాకి తగిలించి తూస్తారు, 20 కిలోలు దాటకూడదు. టెంట్లు, గ్యాస్ సిలిండర్, కూరగాయలు, కుర్చీలు, మా డఫెల్ బ్యాగులు అన్నీ తల మీదో మెడ మీదో పెట్టుకుని వాళ్ళు మమ్మల్ని దాటుకుని పోతారు, మనం చేరేసరికి టెంట్ వేసి ఉంటుంది. రెండో రోజు వేరే గ్రూప్ పోర్టర్ కుర్రాడొకడు కుట్లు ఊడిన పాత స్పోర్ట్స్ షూస్‌తో ఆ రాళ్ళ మీద ఎక్కడం చూశాను. అతని బూటు వెనక భాగం ప్రతి అడుగుకీ తెరుచుకుంటోంది. కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అని ఒక సంస్థ ఉంది, జీతం, తిండి, టెంట్ సరిగ్గా ఇచ్చే కంపెనీల జాబితా పెడుతుంది. ఆ జాబితాలో ఉన్నవాళ్ళతోనే వెళ్ళండి. రెండు మూడు వందల డాలర్లు ఎక్కువైనా సరే. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

మొదటి రోజంతా వర్షారణ్యం. చెట్ల నిండా నాచు వేలాడుతూ ఉంటుంది, అడుగుల చప్పుడు కూడా వినపడనంత మెత్తటి దారి, పైన కొమ్మల్లో నల్లటి ఒంటికి తెల్లటి జూలు ఉన్న కొలబస్ కోతులు. ఇంపేషెన్స్ కిలిమంజారీ అనే ఎర్రటి పువ్వు ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేదని చిన్న గైడ్ ప్రతి మొక్క దగ్గరా ఆగి చూపించాడు. చిన్న ఏనుగు తొండంలా వంకర తిరిగి ఉంటుంది. 1,800 మీటర్ల నుంచి బయల్దేరి సాయంత్రానికి సుమారు 3,000 మీటర్ల దగ్గర మచామే క్యాంప్. రెండో రోజు షిరా కేవ్, 3,800 దగ్గర. అక్కడికి అడవి అయిపోతుంది, పొదలు, బండలు, మెడ మీద తెల్లమచ్చ ఉన్న పెద్ద కాకులు. పడమటి వైపు మబ్బుల పైన మేరు పర్వతం ఒక్కటే తేలుతూ కనిపిస్తుంది.

ఆ రాత్రి భోజనాల టెంట్‌లో భాషల గురించి మాటలు మొదలయ్యాయి. వాళ్ళు మమ్మల్ని ఇద్దర్నీ "దాదా" అంటున్నారు. స్వాహిలీలో దాదా అంటే అక్క లేదా చెల్లి. బాబు అంటే ఏంటో తెలుసా అని వంటాయన అడిగాడు. తాత అట! మేం చిన్నపిల్లాణ్ణి బాబూ అని పిలుస్తామని చెప్తే వాళ్ళకి ఎంత నవ్వొచ్చిందో. మామ అంటే మాకు అమ్మ తమ్ముడని చెప్తే, మాకు మామా అంటే అమ్మే అన్నాడు చిన్న గైడ్. చపాతీ, చాయ్ ఇద్దరికీ ఒకటే. సముద్రం అవతల ఇన్నేళ్ళ వ్యాపారాలు తీసుకొచ్చిన మాటలు కొన్ని, ఊరికే కలిసిన మాటలు కొన్ని. ఆ గంట నాకు శిఖరం ఎంత గుర్తుందో అంత గుర్తుంది.

మూడో రోజు నుంచి అసలు కథ. పొద్దున్నే 4,600 మీటర్ల దగ్గర లావా టవర్ అనే నల్లటి రాతి స్తంభం దాకా ఎక్కిస్తారు, అక్కడ మధ్యాహ్నం భోజనం, మళ్ళీ 3,900 దగ్గరున్న బరాంకో క్యాంప్‌కి దింపేస్తారు. ఎత్తుకి ఎక్కు, కిందికి దిగి పడుకో, ఇదే పద్ధతి. లావా టవర్ దగ్గర నాకు కణతల్లో డప్పు కొట్టినట్టు నొప్పి, దిగాక గంటలో పోయింది. ఎందుకు పోతుందో పెద్ద గైడ్ చెప్పిన తీరు నాకు నచ్చింది. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే, ఎత్తుకెళ్ళేకొద్దీ ఒత్తిడి తగ్గిపోయి ఒక్కో ఊపిరిలో దొరికేది తగ్గుతుంది. శరీరం తట్టుకోవడానికి ఎక్కువసార్లు ఊపిరి తీస్తుంది, దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారం పెరుగుతుంది, దాన్ని సరిచేసే పని మూత్రపిండాలది. అవి తొందరపడవు, రోజులు పడుతుంది. డయామాక్స్ అనే మాత్ర ఆ పనినే కాస్త తొందరపెడుతుంది. మేమిద్దరం డాక్టర్ని అడిగి 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు వేసుకున్నాం. సల్ఫా మందులు పడనివాళ్ళు ముందే డాక్టర్‌కి చెప్పాలి. వేళ్ళ చివర్లు జుమ్మంటాయి, రాత్రిళ్ళు మూడుసార్లు లేవాలి, గడ్డకట్టే చలిలో టెంట్ జిప్ తీయడం అంటే ఏడుపొస్తుంది.

ఇంకో సంగతి, ఈ ఎత్తు జబ్బుకి ఫిట్‌నెస్‌తో సంబంధం లేదు. పరుగెత్తేవాళ్ళకి రాదని ఏమీ లేదు. పైగా దమ్ము ఉన్నవాళ్ళు తొందరగా నడిచేస్తారు, దాంతో ఇబ్బందిలో పడతారు. అందుకే పోలే పోలే. ఊపిరి ఎగపోయకుండా మాట్లాడుతూ నడవగలిగే వేగం, ఒక బూటు పొడవంత అడుగు. మొదట్లో అక్కకి ఇది చాలా కష్టంగా ఉండేది, కాళ్ళు కట్టేసినట్టుందే అనేది.

బరాంకో లోయ గురించి చెప్పకుండా ముందుకి పోలేను. మనిషికి రెండు మూడింతల ఎత్తున్న సెనేసియో చెట్లు, ఎండిన ఆకులన్నీ కాండానికే కంబళిలా చుట్టుకుని, తల మీద మాత్రం పచ్చటి మొవ్వు. ఆ ఎండాకులు రాల్చేస్తే రాత్రి చలికి చెట్టు లోపలి నీరు గడ్డకట్టి చచ్చిపోతుందట. పక్కనే లొబీలియాలు, రాత్రి కాగానే ఆకులన్నీ దగ్గరికి ముడుచుకుంటాయి. పగలు ఎండాకాలం, రాత్రి చలికాలం, ప్రతి రోజూ. ఆ చెట్ల మధ్య నించుని పైకి చూస్తే కిబో గోడ, దాని మీద మంచు. 1848లో రెబ్‌మన్ అనే మిషనరీ ఈ మంచు చూశానని రాస్తే యూరప్‌లో పెద్ద పెద్ద పండితులు భూమధ్యరేఖ దగ్గర మంచేంటని నమ్మలేదు. అక్కడ నించుంటే వాళ్ళ మీద కోపం రాదు, కళ్ళతో చూస్తూ కూడా నమ్మబుద్ధి కాదు.

నాలుగో రోజు పొద్దున్నే బరాంకో గోడ. 250 మీటర్ల పైన ఎత్తు ఉంటుంది, చేతులు కూడా వాడి ఎక్కాలి, ఒకచోట బండని వాటేసుకుని పక్కకి జరగాలి. కింద నుంచి చూస్తే టెన్షన్, ఎక్కుతుంటే బావుంటుంది. తల మీద మూటతో పోర్టర్లు అదే బండ మీద నుంచి చేతులు పెట్టకుండా పోతుంటే పక్కకి తప్పుకోవడం మన ధర్మం. గోడ దాటాక కరంగా క్యాంప్. శిఖరానికి ముందు నీళ్ళు దొరికే చివరి చోటు అదే. ఐదో రోజు బరాఫూ క్యాంప్‌లో మేం తాగిన ప్రతి చుక్కా, నేను కడుక్కున్న ముఖం కూడా, ఎవరో ఒకరు కరంగా నుంచి మోసుకొచ్చినవే. అది తెలిశాక నేను ముఖం కడుక్కోవడం మానేశాను.

ఇప్పుడు రాయడానికి కష్టంగా ఉన్న భాగం.

ప్రతి సాయంత్రం గైడ్ ఒక కాగితం పట్టుకుని వస్తాడు. వేలికి ఆక్సీమీటర్ పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో రాసుకుంటాడు, తలనొప్పి ఉందా, వాంతి వచ్చినట్టుందా, తిన్నారా, నిద్ర పట్టిందా, కళ్ళు తిరుగుతున్నాయా అని ఒక్కొక్కటీ అడుగుతాడు. బరాఫూలో, 4,600 పైన, నాకు 82 వచ్చింది, అక్కకి 79. ఆ ఎత్తులో ఆ అంకెలు మరీ భయపడేవి కావు. తలనొప్పి ఉందా అని అక్కని అడిగాడు. లేదు అంది. ఉంది. కరంగా నుంచీ ఉంది, మధ్యాహ్నం టెంట్ వెనక్కి వెళ్ళి వాంతి కూడా చేసుకుంది, నేను వీపు నిమిరాను. నా వైపు చూసి కళ్ళతోనే చెప్పొద్దంది. నేను చెప్పలేదు.

ఏడాది కష్టపడింది, కల అక్కది, నేనెవర్ని ఆపడానికి అనుకున్నాను. అప్పుడది ప్రేమలాగే అనిపించింది. కానీ తప్పు చేశాను. గైడ్ చేతిలో ఉన్న ఆయుధం ఆ కాగితమొక్కటే. మన తల లోపల ఏం జరుగుతోందో ఆయనకి మనం చెప్తేనే తెలుస్తుంది. మీరెవరైనా వెళ్తుంటే, మీ పక్కవాళ్ళు అబద్ధం చెప్తుంటే, చెప్పేయండి, వాళ్ళు తర్వాత తిట్టుకున్నా పర్లేదు. నిజానికి ఇది చెప్పడానికే ఇదంతా రాయడం మొదలుపెట్టాను.

సాయంత్రం ఆరింటికి పడుకోబెట్టారు. నిద్ర ఎక్కడిది, గాలికి టెంట్ గుడ్డ పటపటా కొట్టుకుంటూనే ఉంది. పదకొండింటికి లేపి టీ, బిస్కెట్లు ఇచ్చారు. అర్ధరాత్రి దాటాక బయల్దేరాం, పెద్ద గైడ్ ముందు, తర్వాత అక్క, నేను, వెనక చిన్న గైడ్, సాయానికి ఇంకో పోర్టర్. ఒంటి మీద పైన 5 పొరలు, కింద 3. చంద్రుడు లేడు. పైకి చూస్తే హెడ్‌ల్యాంపుల వరుస, ఎక్కడ ల్యాంపులు ఆగి ఎక్కడ చుక్కలు మొదలవుతున్నాయో తెలీదు. గంటన్నరలో నీళ్ళ గొట్టం గడ్డకట్టింది, సీసా తలకిందులుగా బ్యాగ్‌లో పెట్టుకోమన్నది ఎందుకో అప్పుడు అర్థమైంది, పైన గడ్డకడుతుంది కాబట్టి మూత వైపు నీళ్ళుగానే ఉంటుంది. మైనస్ 12 అన్నాడు గైడ్. నా ముందున్న అక్క మడమలు తప్ప నాకు లోకం లేదు, అవి చూస్తూ ఒక అడుగు, ఊపిరి, ఇంకో అడుగు, ఊపిరి.

అందుకే నాకే ముందు తెలిసింది. ఆ మడమలు పక్కకి పడటం మొదలైంది. ఒకసారి, కాసేపాగి ఇంకోసారి. మూడున్నర ప్రాంతంలో, 5,300 మీటర్లు దాటాక, అక్క ఉన్నట్టుండి దారి వదిలి కుడివైపుకి రెండడుగులు వేసింది. చిన్న గైడ్ చెయ్యి పట్టుకున్నాడు. నేను అరిచాను, తలనొప్పి నిన్నటి నుంచీ ఉంది, వాంతి అయింది అని మొత్తం కక్కేశాను.

పెద్ద గైడ్ నన్నేమీ అనలేదు. అక్కకి ఎదురుగా వచ్చి, ల్యాంపు వెలుతురు నేల మీద పడేలా వంచి, ఒక బూటు మడమకి ఇంకో బూటు ముందుభాగం తగిలేలా పెడుతూ గీత మీద నడిచినట్టు పది అడుగులు వేయమన్నాడు. మూడో అడుగుకి అక్క తూలింది. మళ్ళీ వేయమన్నాడు. రెండో అడుగుకే తూలింది. మెదడులో వాపు మొదలైతే మొదట పోయేది ఈ నడకే, దీనికి మందు కిందికి దిగడమే, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఇవన్నీ ఆయన అప్పుడు చెప్పలేదు, మొదటి రోజే చెప్పాడు. అప్పుడు మాత్రం చేతి తొడుగు తీసి అక్క భుజం మీద చెయ్యి వేసి ఒకే ఒక్క మాటన్నాడు.

"పోలే, దాదా."

నాకు తెలీక, మెల్లగా వెళ్దామంటున్నాడేమో అనుకున్నాను. రెండు సెకన్లు సంతోషపడ్డాను కూడా. పోలే అని ఒక్కసారే అంటే అయ్యో అని, బాధగా ఉందని. ఎవరైనా జారి పడినా, ఎవరింట్లోనైనా మనిషి పోయినా వాళ్ళు అనే మాట అది.

అక్క వాదించింది. గంటన్నరలో స్టెల్లా పాయింట్, అంటే కిబో అంచు, వచ్చేస్తుంది, అక్కడి నుంచి దిగిపోతాను అంది. మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి, అది తనకి తెలీడం లేదు. నిర్ణయం ఆయనది, మేం అడగగలిగింది ఏమీ లేదు, అలా లేకపోవడమే మంచిదైంది. చిన్న గైడ్, పోర్టర్ చెరోవైపు పట్టుకున్నారు, ఆక్సిజన్ మాస్క్ పెట్టారు. నేనూ దిగుతానన్నాను. "మీరు దిగితే తనకి ఒక్క శాతం కూడా ఉపయోగం లేదు, మీ అంకెలు బావున్నాయి, మీ నడక బావుంది" అన్నాడు పెద్ద గైడ్. అక్క మాస్క్ పక్కకి జరిపి "నువ్వు పోవే. పో." అంది. మూడు ల్యాంపులు కిందికి దిగుతూ వంపు తిరిగేదాకా చూశాను.

తర్వాతి రెండున్నర గంటలు నాకు సరిగ్గా గుర్తులేవు. ఏడుస్తూ నడిచాను, కన్నీళ్ళు మెడకీ ముఖానికీ చుట్టుకున్న బఫ్ గుడ్డ మీద గడ్డకట్టాయి, ఏడిస్తే ఊపిరి అందదు దాదా అని గైడ్ రెండుసార్లు చెప్పాడు. ఆరుంపావుకి స్టెల్లా పాయింట్, 5,756 మీటర్లు, కిబో బిలం అంచు. మావెంజీ పక్క నుంచి సూర్యుడు వస్తున్నాడు. గైడ్ రేడియోలో ఏదో మాట్లాడి, నా వైపు తిరిగి, బరాఫూ దాటించేశారు, ఇంకా కిందికి తీసుకెళ్తున్నారు, నడక కుదుటపడుతోంది అన్నాడు. అప్పుడు కూర్చుని మళ్ళీ ఏడ్చాను.

స్టెల్లా నుంచి ఉహురు దాకా ఇంకో 50 నిమిషాలు, వాలు తక్కువే. ఎడమవైపు దక్షిణ హిమానీనదాలు, నీలం గీతలతో నిలువెత్తు మంచు గోడలు. వాటిలో ఒకదానికి ఆ రెబ్‌మన్ పేరే పెట్టారు. 1912లో మొదటిసారి పటం గీసినప్పుడు ఉన్న మంచులో 80 శాతానికి పైగా ఇప్పుడు లేదు. అది చదివినప్పుడు అంకెలా ఉంటుంది. అక్కడ మాత్రం బూడిద రంగు మట్టి మధ్య ఆ గోడలు దేనికీ ఆనుకోకుండా విడివిడిగా నించుని ఉంటాయి, ఊరు ఖాళీ అయ్యాక మిగిలిన గోడల్లాగా.

చెక్క బోర్డు దగ్గర క్యూ ఉంది. ఉహురు అంటే స్వాతంత్ర్యం. జర్మన్ల కాలంలో వాళ్ళ చక్రవర్తి విల్‌హెల్మ్ పేరు ఉండేది ఈ శిఖరానికి, 1961 డిసెంబర్‌లో టాంగన్యికాకి (ఇప్పటి టాంజానియా ప్రధాన భూభాగానికి) స్వాతంత్ర్యం వచ్చినప్పుడు అలెగ్జాండర్ న్యిరెండా అనే సైనికాధికారి ఇక్కడికి కాగడా తీసుకొచ్చి వెలిగించారు, అప్పటి నుంచి ఉహురు. ఈ కథ చెప్పేటప్పుడు మా గైడ్ గొంతు మారింది, ఇక్కడికి ఎన్ని వందల సార్లు వచ్చి ఉంటాడో, అయినా మారింది. నేను ఫోటో దిగాను. అక్క టోపీ నా దగ్గరే ఉండిపోయింది, దాన్ని పట్టుకుని దిగాను. పావుగంట కంటే ఎక్కువ ఉండనివ్వలేదు.

దిగేటప్పుడు ఇసుక లాంటి రాళ్ళపొడిలో మడమలతో జారుతూ మూడు గంటల్లోపే బరాఫూ, అక్కడ గంట పడుకుని మళ్ళీ కిందికి. దారిలో ఒంటి చక్రం ఉన్న స్ట్రెచర్ మీద ఎవర్నో పరుగున దింపుతున్నారు, ఆరుగురు పోర్టర్లు. పక్కకి జరిగి దండం పెట్టుకున్నాను. అప్పుడు గైడ్‌ని అడిగాను, నేను చెప్పకముందే మీకు అనుమానం వచ్చిందా అని. వచ్చిందన్నాడు. కరంగా నుంచి తను పోలే పోలే అంటే అక్క కనుబొమలు ఎగరేయడం మానేసిందట, అందుకే ఆ రాత్రి తన వెనకే నడిపించుకున్నాడట. ఐదు రోజులు ఆయన మా కాళ్ళు చూస్తున్నాడనుకున్నాను, ముఖాలు కూడా చూస్తున్నాడు.

మిలీనియం క్యాంప్‌లో, 4,000 మీటర్లకి కాస్త కింద, అక్క బండ మీద కూర్చుని సూప్ తాగుతోంది. లేచి నా వైపు నడిచొచ్చింది, తిన్నగా. నేను దగ్గరికెళ్ళగానే ముందు టోపీ లాక్కుంది. "ఎక్కావా?" అంది. ఎక్కానన్నాను. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి నాకు తెలిసిన ఓదార్పు ఒకటి చెప్పాను. ఈ కొండ మొదట ఎక్కిన హాన్స్ మేయర్ కూడా 1887లో మంచు గోడ దగ్గర వెనక్కి తిరిగాడు, 1888లో తీరంలో తిరుగుబాటు జరిగి పట్టుబడ్డాడు, కొండ దాకా కూడా రాలేకపోయాడు, 1889 అక్టోబర్ 6న మూడో ప్రయత్నంలో గానీ పర్ట్‌షెల్లర్ అనే ఇంకో పర్వతారోహకుడితో కలిసి పైకి చేరలేదు అని.

"మేయర్ సంగతి నాకెందుకే," అంది అక్క. "నువ్వు నిన్న సాయంత్రమే చెప్పేసి ఉండాల్సింది."

నేను చెప్పొద్దన్నావుగా అనలేదు. అవును, చెప్పాల్సింది అన్నాను.

ఏడో రోజు పొద్దున్న మ్వేకా క్యాంప్‌లో అందరూ వరసగా నించుని పాడారు, టిప్ ఎవరికెంతో అందరి ముందూ గట్టిగా చదివి ఇచ్చాం, అలా చేస్తేనే అది ఎవరికి చేరాలో వాళ్ళకి చేరుతుందని మాకు ముందే చెప్పారు. నా రెండో జత బూట్లు, ఉన్ని చేతి తొడుగులు వంటాయన కూతురికని ఇచ్చి వచ్చాను. గేట్ దగ్గర రిజిస్టర్‌లో సంతకం పెట్టేటప్పుడు ఎక్కడిదాకా వెళ్ళారు అనే గడిలో నేను ఉహురు అని రాశాను. స్టెల్లా పాయింట్ దాకా వెళ్ళినవాళ్ళకి కూడా సర్టిఫికెట్ ఉంది, ఈ దారిలో దానికంటే కింద ఆగితే లేదు. అక్క ఆ గడిలో 5,300 అని రాసి కింద గీత గీసింది. సాయంత్రం కొండ కింద మోషీ ఊళ్ళో డాక్టర్‌కి చూపించాం, అంతా మామూలుగానే ఉంది.

ఇది జరిగి ఐదు నెలలైంది. సర్టిఫికెట్ నేను ఇంకా గోడకి తగిలించలేదు. మొన్న అక్క ఫోన్ చేసి ఈసారి లెమోషో దారిలో 8 రోజులు వెళ్తానంది, అదే గైడ్‌కి మెసేజ్ పెట్టిందట. ఆయన రమ్మన్నాడు, కానీ తలనొప్పి కాగితం మీద అబద్ధం రాస్తే మొదటి క్యాంప్ నుంచే దింపేస్తానన్నాడట. నేను వస్తానా రానా అన్నది అక్క అడగలేదు. ఆదివారం ఇంటికొచ్చి, బీరువా తెరిచి, నా డౌన్ జాకెట్ తీసి వేసుకుని చూసుకుంది. చేతులు కాస్త పొట్టిగా ఉన్నాయి, పర్లేదంది, తీసుకెళ్ళిపోయింది.